గోడెక్కని హైడ్రేంజియా... చప్పరమెక్కే రాధామనోహరం!

ఇంటి గోడ నిండా తెల్లపూల తీగ పాకితే ఎంత బాగుంటుంది! అయితే ఆ తీగ ఏదన్నదే అసలు ప్రశ్న. సీమ ఎండకు తట్టుకునేదా... తలవాల్చేసేదా?

రెండంతస్తుల ఇటుక గోడ. కింది నుంచి పైదాకా చిక్కటి ఆకులు. వాటి మధ్య అరచేయంత వెడల్పున తెల్లటి పూలగుత్తులు. ఇంగ్లండులోనో జపానులోనో ఎవరింటి గోడో అది. ఆ బొమ్మ ఫోన్లో చూశాక మనసు ఊరుకోదు. 'మన పడమటి గోడ మీదా ఇలాగే పాకిస్తే...' అనిపిస్తుంది. దాని పేరు క్లైంబింగ్ హైడ్రేంజియా. ఇంటర్నెట్‌లో వెతికితే గింజల ప్యాకెట్లు అమ్మేవాళ్లూ ఉన్నారు, మొక్క పంపుతామనేవాళ్లూ ఉన్నారు.

నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో కొత్తిల్లు కట్టుకుని, పెరట్లో ఏం వేద్దామా అని చూస్తున్నవాళ్లు ఆ ప్యాకెట్ కొనేముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవచ్చు. మే నెలలో, మధ్యాహ్నం మూడున్నరకు, పడమటి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. చురుక్కుమని వెనక్కి తీసుకుంటారు. అక్కడ అతుక్కుని బతకమని మనం ఆ చలిదేశపు తీగకు చెప్పబోతున్నాం!

అలాగని కోరికలో తప్పేం లేదు. ఆ గోడకు తీగ నీడ కావాల్సిందే. ఆ నీడ లేకనే కదా సాయంత్రం ఏడు దాటినా పడమటి గది పొయ్యిలా కాలుతుంది. మార్చాల్సింది కోరికను కాదు, తీగను.

పేరులోనే నీళ్లకుండ

హైడ్రేంజియా అన్నది గ్రీకు మాటల నుంచి పుట్టిన పేరు. 'నీటి పాత్ర' అని అర్థం. దాని గింజల కాయ చిన్న కూజా ఆకారంలో ఉంటుందని అలా పెట్టారు. కానీ మొక్క గుణానికీ ఆ పేరు సరిపోయింది. మట్టి ఎప్పుడూ చెమ్మగా ఉండాలి, వేళ్లు చల్లగా ఉండాలి.

ఊటీ, కొడైకెనాల్ వెళ్లినప్పుడు బంతుల్లాంటి నీలం, గులాబీ పూలగుత్తులు చూసే ఉంటారు. అది పొద హైడ్రేంజియా. తీగ హైడ్రేంజియా వేరు. దాని సొంతూరు జపాన్, కొరియా, రష్యాలోని సఖాలిన్ దీవి. దగ్గరి చుట్టం ఒకటి మన హిమాలయాల్లో, నేపాల్, భూటాన్ కొండల్లో చెట్లెక్కి పాకుతుంది. తమలపాకు తీగలాగే కాండం మీద పుట్టే వేళ్లతో గోడను పట్టుకుంటుంది కాబట్టి తాడూ కర్రా అక్కర్లేదు. 15 మీటర్లకు పైగా ఎక్కగలదు. కాకపోతే మహా నిదానం. నాటిన మొదటి మూడేళ్లూ 'బతికుందా, లేదా' అని అనుమానం వచ్చేలా ఉంటుంది. పూలు రావడానికి ఇంకొన్నేళ్లు. ఆకులన్నీ రాల్చేసి చలికాలమంతా నిద్రపోతుంది. సున్నాకు 20 డిగ్రీల కిందికి పోయే చలిని కూడా తట్టుకుంటుంది. అసలు ఆ చలి నిద్రే దానికి ప్రాణం. కొన్ని వారాలపాటు గట్టిగా చలి తగిలితేగానీ వసంతంలో సరిగ్గా చిగురించదు, పూయదు.

పూల సంగతి ఇంకో తమాషా. గుత్తి చుట్టూ రెక్కల్లా కనిపించే తెల్లటివి నిజానికి పూరేకులు కావు, రక్షకపత్రాలు. అసలు పూలు మధ్యలో ఆవగింజల్లా చిన్నగా ఉంటాయి. పెద్దవి పురుగుల్ని పిలవడానికి పెట్టిన జెండాలన్నమాట.

ఈ వివరాలు తెలిస్తే ఆన్‌లైన్ మోసం పట్టుకోవడం తేలిక. క్లైంబింగ్ హైడ్రేంజియా పూలు తెలుపు, లేదా మీగడ రంగు. ముదురు నీలం, ఎర్రటి ఎరుపు పూలతో గోడంతా నిండిన బొమ్మ చూపిస్తే అది కంప్యూటర్‌లో రంగులద్దిన బొమ్మే. ఇక గింజలు దుమ్ములా, చూపుకు ఆనీ ఆనకుండా ఉంటాయి. ప్యాకెట్ విప్పితే పెసరగింజంతవి వచ్చాయంటే అవి ఇంకేవో మొక్కవి. నిజం గింజలే వచ్చినా సంతోషించడానికేం లేదు. గింజ నుంచి పువ్వు దాకా చాలా ఏళ్ల పని. అది కూడా చల్లటి దేశంలో.

ఇక్కడెందుకు బతకదంటే...

2022లో జిల్లా కేంద్రమైన నంద్యాలకు తూర్పున నల్లమల, చుట్టూ కుందూ పరివాహక నల్లరేగడి. వేసవిలో 44, 45 డిగ్రీలు ఇక్కడ కొత్త కాదు. కొండ అడ్డు, ఆరుబయలు పొలాలు, గాలి ఆడని రాత్రులు. ఆళ్లగడ్డలోనూ అంతే. చలికాలం రాత్రి దుప్పటి కప్పుకుంటాం నిజమే కానీ, పది డిగ్రీల లోపుకు దిగడం అరుదు. ఆ మాత్రం చలి హైడ్రేంజియాకు కునుకు తీయడానికి కూడా చాలదు.

మట్టి కూడా కలిసిరాదు. నల్లరేగడిలో సున్నం పాలు ఎక్కువ. పీహెచ్ చాలాచోట్ల 8 దాటుతుంది. హైడ్రేంజియాకు కొంచెం పుల్లదనం ఉన్న మట్టి ఇష్టం. సున్నపు మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లకు అందదు. ఆకులు పసుపురంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. దానికి తోడు చాలా ఇళ్లలో తొట్టికి పోసేది బోరునీళ్లు. నెల తిరక్కుండా తొట్టి అంచున తెల్లటి పొర కట్టే నీళ్లు! కాబట్టి నీడలో పెట్టినా, రోజుకు రెండుసార్లు నీళ్లు పోసినా మే దాటించడం కష్టం. ఎక్కువ నీళ్లు పోస్తే ఆ వేడికి వేళ్లు కుళ్లుతాయి, తక్కువ పోస్తే ఆకులు మాడతాయి. ఇష్టంగా పెంచుకున్న మొక్క అలా పోతే ఇంటావిడ బాధ ఇంతా అంతా కాదు. 'నా చెయ్యి మంచిది కాదు' అనుకుంటారు పాపం. చెయ్యి మంచిదే. మొక్కే ఈ ఊరిది కాదు.

మూడు రంగుల మూడు రోజులు

మరి మన గోడకు ఎవరు? నన్నడిగితే మొదటి ఓటు రాధామనోహరానికే.

నాటిన రెండో ఏటికే చప్పరం కప్పేస్తుంది. గుత్తులు గుత్తులుగా వేలాడే పూలు. సాయంత్రం విచ్చేటప్పుడు తెలుపు. మర్నాటికి గులాబీ. ఆ తర్వాత ఎరుపు. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. ఇదేం మాయ అంటారా? చీకటి పడ్డాక తిరిగే పెద్ద రెక్కల పురుగులకు తెలుపు తేలిగ్గా కనిపిస్తుంది. పైగా అప్పుడే సువాసన ఎక్కువ. పొడుగాటి గొట్టంలాంటి పువ్వు అడుగున ఉన్న తేనెను అవి తమ పొడవాటి నాలుకతో పీల్చుకుంటాయి. తెల్లవారాక రంగు మారిన పూల దగ్గరికి పగటి పురుగులు చేరతాయి. వృక్షశాస్త్రంలో దీనికి చాలాకాలం ఉన్న పేరు క్విస్‌క్వాలిస్. లాటిన్‌లో 'ఎవరు? ఎలాంటిది?' అని అర్థం. పొదలా మొదలై తీగై, తెల్లగా పూసి ఎర్రబడే ఈ మొక్కకు ఆ పేరు భలే కుదిరింది.

దీన్ని గింజతో కాదు, కొమ్మతో పెంచాలి. ఎవరింట్లోనైనా ఉంటే వానాకాలంలో పెన్సిలంత లావు కొమ్మ అడిగి తెచ్చుకోండి. లేదంటే వేళ్ల నుంచి పక్కనే లేచే పిలకలు బోలెడు. ఆ పిలకలే దీంతో ఉన్న చిక్కు కూడా. ఏటా పీకేయకపోతే పెరడంతా నాదే అంటుంది. తీగ ఎక్కే పద్ధతి కూడా చిత్రం. ఆకు రాలినా కాడ మొదలు గట్టిపడి ముల్లులా మిగిలిపోతుంది. ఆ కొక్కేలతోనే పైకి పోతుంది. కాబట్టి కత్తిరించేటప్పుడు చేతులు జాగ్రత్త.

తెల్లపూలే కావాలనుకునేవాళ్లకు మాధవీలత. నల్లమల లాంటి అడవుల్లో సహజంగా పెరిగేదే. చలి వెళ్లి ఎండ మొదలయ్యే రోజుల్లో అంచులు కుచ్చిళ్లలా చిరిగిన తెల్లటి పూలు, ఒక రేకు మీద పసుపు మచ్చ, మంచి సువాసన. పూలయ్యాక కాయ మూడు రెక్కలు తొడుక్కుని గాలిలో గిరగిరా తిరుగుతూ దిగుతుంది. పిల్లలకు మంచి ఆట. ఇది తీగ అన్నమాటే గానీ కొన్నేళ్లకు కాండం చేతి మణికట్టంత లావవుతుంది. సన్నటి తాడు మీద ఎక్కిస్తే కూలుతుంది. రాతి కూసాలు ఉన్న ఇంటికే ఇది. అహోబిలం వెళ్లినప్పుడు అడవిలో కనిపించిందని పీక్కు రావద్దు. అది నేరం, పైగా అలా పీకిన మొక్క ఎలాగూ బతకదు. నర్సరీలో చెప్పి తెప్పించుకోవచ్చు. మన ఊళ్లలో అమ్మే పూలమొక్కల్లో చాలావరకు గోదావరి పక్కనున్న కడియం నుంచి లారీల్లో వచ్చేవే. అడిగితే తెచ్చిపెడతారు.

ఇక జాజి. దీని గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది! కాళిదాసు శకుంతల తన నవమాలిక తీగకు వనజ్యోత్స్న అని పేరు పెట్టుకుని, దాన్ని మామిడిచెట్టుకు పెళ్లికూతురిని చేసింది. మన ఇళ్లలో మామిడిచెట్టు లేకపోతే ఇనుప పైపే పెళ్లికొడుకు. జాజి మూల మీద రోజుకు కనీసం నాలుగైదు గంటలు ఎండ పడాలి. పూర్తి నీడలో పెట్టి పూయడం లేదని తిట్టుకునేవాళ్లే ఎక్కువ.

వంటింట్లో ఓ ప్రయోగం

హైడ్రేంజియా పొదకు ఓ పేరున్న గుణం ఉంది. పుల్లటి మట్టిలో అల్యూమినియం వేళ్లకు అంది నీలంగా పూస్తుంది, సున్నపు మట్టిలో గులాబీగా. ఆ ముచ్చట మనకు పెరట్లోనే ఉంది... శంఖుపుష్పంలో! నాలుగు నీలం పూలు వేడినీళ్లలో వేస్తే నీళ్లు నీలమవుతాయి. అందులో నిమ్మచెక్క పిండండి. కళ్లముందే ఊదారంగుకు, ఇంకా పిండితే గులాబీకి మారుతుంది. తొమ్మిదో తరగతి పిల్లాడికి ఆమ్లం, క్షారం పాఠం దీంతోనే చెప్పేయొచ్చు.

శంఖుపుష్పం డబ్బు ఖర్చు లేని తీగ. ఎండిన కాయ ఒకటి దొరికితే చాలు. గింజలు రాత్రంతా నానబెట్టి మర్నాడు నాటితే వారంలో మొలకలు, రెండు నెలల్లోపే పూలు. చిక్కుడు జాతి కాబట్టి వేళ్లలోని బుడిపెల ద్వారా గాలిలోని నత్రజనిని తనే సమకూర్చుకుంటుంది. పేద మట్టిలోనూ గొణగదు. అద్దె ఇంట్లో ఉండి, 'రేపో మాపో ఖాళీ చేస్తాం, తీగలెందుకు' అనుకునేవాళ్లు దీన్ని ఓ బకెట్‌లో పెట్టుకోవచ్చు.

కాగితం పూల తీగ గురించి రెండు ముక్కలు. హైడ్రేంజియాలాగే దీని రంగులూ పువ్వువి కావు. రంగు రంగుల ఆకుల మధ్య పుల్లలా నిలబడే తెల్లటిదే అసలు పువ్వు. ఎండ ఎంత మండితే దీనికి అంత హుషారు. పూయడం లేదంటే నీళ్లు ఎక్కువవుతున్నాయని అర్థం. వారం రోజులు నీళ్లు ఆపి చూడండి. ముళ్లుంటాయి కాబట్టి నడిచే దారిలో, ముఖ్యంగా పిల్లలు సైకిల్ పెట్టే చోట వద్దు.

మనోరంజితం పేరెత్తగానే పెద్దవాళ్లు 'పాములొస్తాయి' అంటారు. మల్లె మీదా, మొగలి మీదా ఇదే మాట. పాములు వచ్చేది పూలవాసనకు కాదు. తీగ మొదట్లో చెత్త పేరుకుని, అక్కడ ఎలుకలు, కప్పలు చేరితే వాటికోసం వస్తాయి. నేలకు రెండడుగుల ఎత్తు దాకా కొమ్మలు తీసేసి, మొదలు కళ్లకు కనిపించేలా శుభ్రంగా ఉంచితే ఆ బెంగ చాలావరకు తీరుతుంది. పండిన పండులా గుమ్మున వాసనొచ్చే ఆ పువ్వును భయంతో వదులుకోవడం నాకైతే అన్యాయంగా తోస్తుంది. పసుపు గంటల్లాంటి అల్లమండ మాత్రం, ముద్దొస్తున్నా, పాకే పిల్లలున్న ఇంటికి వద్దు. దాని పాలు మంచివి కావు.

గోడకా? చప్పరానికా?

బొమ్మలోని తీగ నేరుగా గోడకు అతుక్కుంది. మనమూ అలాగే చేయాలా? అక్కర్లేదు. చేయకపోవడమే మంచిది.

ఇక్కడా గోడకు అతుక్కునే తీగలున్నాయి. చిన్న చిన్న ఆకులతో రంగు వేసినట్టు గోడను కప్పేసే తీగమర్రి అలాంటిదే. చూడ్డానికి బాగుంటుంది. నాలుగేళ్ల తర్వాత సున్నం వేద్దామని లాగితే పెచ్చులు పెచ్చులుగా ప్లాస్టరింగ్ ఊడొస్తుంది. పగులు ఉన్నచోట వేరు దూరితే ఇంకా కష్టం.

నల్లరేగడి మీద ఇల్లు కట్టినవాళ్లకు మరో భయం ఉంది. ఈ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు పగులుతుంది. గోడ మొదట్లో తీగ నాటి రోజూ బిందెలకొద్దీ నీళ్లు పోస్తే, ఆ ఒక్కచోట పునాది కింద మట్టి ఉబ్బి, పక్కన ఎండి కుంగి, గోడకు పగుళ్లు రావచ్చు. పూలతీగ కోసం ఇంటికి బీటలు తెచ్చుకోవడమేం తెలివి? చిన్న తీగలను గోడకు రెండడుగుల దూరంలో నాటండి. మాధవీలత, కాగితం పూలు, రాధామనోహరం లాంటి పెద్దవాటిని నాలుగడుగుల దూరంలో. నీళ్ల సంపు, సెప్టిక్ ట్యాంకులకు ఇంకా దూరం.

గోడకు దూరంగా నాటిన తీగ గోడకు నీడెలా ఇస్తుంది? దానికి మన పెద్దవాళ్లు ఎప్పుడో దారి కనిపెట్టారు. కోస్తావాళ్లు పందిరి అంటారు, మనం చప్పరం అంటాం. పాత ఇళ్ల ముందు నాలుగు రాతి కూసాలు పాతి, పైన వెదుళ్లు పరిచి, సొరో చిక్కుడో జాజో పాకించేవాళ్లు. కింద మంచం వేసుకుంటే మధ్యాహ్నం కునుకు. మిద్దెలు వచ్చాక, ఖాళీ జాగా అంతా సిమెంటు పరిచాక చప్పరం పోయింది. దాని చోటికి రేకుల షెడ్డు వచ్చింది. రేకు నీడ ఇస్తుంది కానీ వేడినీ కిందికి దింపుతుంది. ఆకు అలా కాదు. వేళ్లు పీల్చిన నీటిని ఆవిరిగా వదులుతూ తానూ చల్లబడుతుంది, కిందనూ చల్లబరుస్తుంది.

పడమటి గోడకు అడుగు దూరంలో నిలువు చప్పరం కట్టడం మేలైన పద్ధతి. గోడకూ తీగకూ మధ్య గాలి ఆడుతుంది. గోడ మీద ఎండ పడదు, చెమ్మా చేరదు. రంగులు వేసేటప్పుడు మనిషి దూరొచ్చు. కూసాలకు మనకు రాయి కొరత లేదు. ఆళ్లగడ్డ అంటేనే ఉలి చప్పుడు. దేశదేశాల గుళ్లకు దేవుళ్లను చెక్కి పంపే ఊరు. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. తోరణాల మీదా స్తంభాల మీదా మెలికలు తిరిగే లత చెక్కని శిల్పి ఉండడు. మన చప్పరానికి అంత పనితనం అక్కర్లేదు. రెండడుగులు భూమిలోకి, ఎనిమిదడుగులు పైకి ఉండేలా గరుకుగా కొట్టిన రాతి కూసాలు చాలు. చెద పట్టదు, తుప్పు పట్టదు. గరుకుదనం ఉంటే తీగకు పట్టు దొరుకుతుంది.

కూసాల మధ్య ఇనుప మెష్ కడుతుంటారు. మే ఎండకు అది కాలి లేత చిగుళ్లను మాడుస్తుంది. మొదటి ఏడు కొబ్బరితాడు కట్టి తీగ ఎక్కించండి. ఆకులు కమ్ముకున్నాక కింద మెష్ ఉన్నా నీడలో ఉంటుంది. నైలాను దారం ఎండకు పెళుసెక్కి రెండేళ్లకు తెగుతుంది. అప్పటికి తీగ బరువంతా దానిమీదే ఉంటుంది, అదీ ఇబ్బంది!

ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. ప్రతి తీగా ఒకేలా ఎక్కదు. శంఖుపుష్పం, మాధవీలత చుట్టుకుంటూ పోతాయి. వాటికి సన్నటి నిలువు తాళ్లు కావాలి. బీర, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి వల. కాగితం పూలు, రాధామనోహరం ముళ్లతో ఆనుకుంటూ లేస్తాయి. వాటిని మనమే కట్టాలి. డార్విన్ మహాశయుడు జబ్బుతో గదిలో ఉండగా తీగలు ఎలా వెతుక్కుంటూ తిరుగుతాయో గంటలకొద్దీ చూసి, 1865లో దానిమీదే పెద్ద వ్యాసం రాశాడు. పెరట్లో బీరపాదు ఉంటే మీరూ చూడొచ్చు. పొద్దున వంగిన వైపు సాయంత్రానికి ఉండదు.

గుంత, మట్టి, నీళ్లు

జూన్‌లో మొదటి వానలు పడ్డాక నాటాలి. వేసవిలో నాటి, నీళ్లు పోసి బతికించుకుందాం అన్న పంతం వద్దు. గుంత రెండడుగుల పొడవు, వెడల్పు, లోతు. తీసిన నల్లమట్టిని అలాగే తిరిగి వేయొద్దు. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక. పైన రెండు గుప్పిళ్లు వేపపిండి. పచ్చి పేడ వేస్తే వేళ్లు మాడతాయి, చెద కూడా వస్తుంది. నల్లరేగడిలో గుంత తీస్తే అది చుట్టూ కుండలా నీళ్లు నిలబెడుతుంది కాబట్టి, మొక్క మొదలు నేలకన్నా నాలుగంగుళాలు ఎత్తులో ఉండేలా మట్టి పోయండి.

నంద్యాలలో వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. పత్తికీ వరికీ చేయించే మట్టిపరీక్ష పెరటి మట్టికి మాత్రం ఎందుకు చేయించకూడదు? దాంతోపాటు బోరునీళ్లూ పరీక్ష చేయిస్తే ఏ తీగ బతుకుతుందో సగం తేలిపోతుంది. నీళ్లు మరీ ఉప్పగా ఉంటే జాజి జోలికి పోకుండా కాగితం పూలతో సరిపెట్టుకోవచ్చు.

మొదటి రెండు వేసవులే గండం. గుంతపైన మూడంగుళాల మందాన వరిగడ్డిగానీ వేరుశనగ పొట్టుగానీ కప్పండి. నూనె మిల్లుల ఊరు కాబట్టి పొట్టుకు లోటు లేదు. చెమ్మ నిలుస్తుంది, వేళ్లు చల్లగా ఉంటాయి. నీళ్లు రోజూ చెంబెడు కాకుండా, రెండు మూడు రోజులకోసారి బిందెడు పోయండి. చెంబు నీళ్లకు వేళ్లు పైపైనే ఉండిపోతాయి. బిందె నీళ్లకు లోతుకు దిగుతాయి. మధ్యాహ్నం ఎండలో పైపు తిప్పొద్దు. పైపులో నిలిచిన నీళ్లు టీ కాచుకునేంత వేడిగా ఉంటాయి. బియ్యం, పప్పు కడిగిన నీళ్లు పారబోయకుండా వీటికే పోయొచ్చు.

నేల లేనివాళ్లకు మిద్దె ఉంది. అయితే ఒక లెక్క. తడిసిన మట్టి ఘనపుటడుగు సుమారు 45 నుంచి 50 కిలోల బరువు. నాలుగు ఘనపుటడుగుల తొట్టి అంటే రెండు క్వింటాళ్లు. స్లాబు మధ్యలో పెట్టకుండా కింద దూలం ఉన్నచోట, గోడ అంచున పెట్టాలి. తొట్టి కింద ఇటుకలు పెడితే నీళ్లు నిలవవు. మిద్దె మీద గాలి వేడి ఎక్కువ. అక్కడ శంఖుపుష్పం, కాగితం పూలు నయం. మాధవీలతను తొట్టిలో పెట్టడమంటే ఏనుగుపిల్లను గదిలో కట్టేయడమే!

పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం పూట చల్లండి.

కత్తెర ఎప్పుడు?

చాలామంది తీగ పెరిగితే చాలు, మురిసిపోయి కత్తెర ముట్టరు. మూడేళ్లకు కింద పుల్లలు, పైన మాత్రం ఆకులు. మల్లెకు, జాజికి నవంబరులో నీళ్లు తగ్గించి, డిసెంబరు, జనవరిలో కొమ్మలు కత్తిరించి, ఎరువేసి నీళ్లు పెడితే కొత్త చిగుళ్ల మీద మొగ్గలు పుట్టుకొస్తాయి. రాధామనోహరం కూడా కొత్త కొమ్మకే పూస్తుంది. చలికాలం చివర్లో మూడో వంతు తీసేయొచ్చు. మాధవీలతకు ఇదే పని చేస్తే ఆ ఏడు పూలు పోయినట్టే. దాన్ని పూలు రాలాకే ముట్టాలి.

అక్కడ మీ అమ్మాయి ఉందా?

ఇంతా చెప్పాక కూడా క్లైంబింగ్ హైడ్రేంజియా మీద మనసు పోనివాళ్లకు ఒక దారుంది. నంద్యాల, ఆళ్లగడ్డల నుంచి పిల్లలు అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లిన ఇళ్లు తక్కువేం కాదు. న్యూజెర్సీలో సొంతిల్లు కొనుక్కున్న అమ్మాయికి చెప్పండి. అక్కడ ఆ తీగ హాయిగా పెరుగుతుంది. ఇంటికి ఉత్తరం వైపు, ఎండ సరిగ్గా పడక ఏమీ పెరగని గోడ ఉంటుంది చూడండి... అదే దానికి ఇష్టమైన చోటు. ఆకులు చివికిన ఎరువు కలిపి నాటి, మొదళ్లలో ఆకుచెత్త కప్పి, మొదటి వేసవుల్లో నీళ్లు మరవకుండా పోస్తే చాలు. చెక్కపలకల గోడకు మాత్రం వద్దు, వేళ్లు సందుల్లోకి దూరతాయి. ఇటుక గోడకో, పెద్ద చెట్టుకో ఎక్కించాలి. మూడేళ్లు ఓపిక పట్టమనండి.

ఆ అమ్మాయి బాధ ఇంకోలా ఉంటుంది. అక్కడ మల్లెను నేలలో పెట్టలేదు. కుండీలో పెంచి, అక్టోబరు రాగానే ఇంట్లోకి మోసి, కిటికీ పక్కన పెట్టి, మళ్లీ మే నెలలో బయటికి దించాలి. రెండు పూలు పూస్తే ఫొటో తీసి అమ్మకు పంపుతుంది. అలాగని ఇక్కడి నుంచి కొమ్మలు పెట్టెలో పెట్టి పంపకండి. మొక్కలు, మట్టి తీసుకెళ్లడానికి అక్కడ అనుమతి పత్రాలు కావాలి. విమానాశ్రయంలోనే ఆపేస్తారు.

ఆమె గోడ మీద హైడ్రేంజియా పూసేది జూన్‌లో. చూడ్డానికి వెళ్లేటట్టయితే ఇక్కడ రాధామనోహరం గుంత మేలోనే తీయించి, ఎండకు ఆరబెట్టి, మొదటి వాన పడగానే నాటమని పక్కింటివాళ్లకు కొమ్మ ఇచ్చి వెళ్లండి.